బృంద నాయకత్వం – శ్రీహరికోట చెప్పిన పాఠం

నాయకత్వమనగానే మన విద్యార్థులలో చాలామందికి వేదిక, మైకు, పూలమాల గుర్తుకు వస్తాయి. అనర్గళంగా మాట్లాడగలవాడే నాయకుడని, ఆ వాక్చాతుర్యం కొందరికి పుట్టుకతోనే అబ్బుతుందని, తక్కినవారు శ్రోతలుగా ఉండవలసినదేనని ఒక భావం బలంగా నాటుకొని ఉన్నది. మన కళాశాలకు వచ్చేవారిలో అనేకులు తమ ఇంటి నుండి మొట్టమొదటిసారిగా కళాశాల గడప తొక్కినవారు. అట్టివారు ఈ భావాన్ని నమ్మి వెనుక బల్లమీదనే మూడేండ్లు గడిపి వెళ్ళిపోవడం చూస్తున్నాం. కనుక ఈ విషయాన్ని కొంచెం నిదానంగా పరిశీలించడం అవసరం.

వేదిక లేని నాయకత్వాన్ని మొదట చూద్దాం. మన తీరగ్రామాలలో అలివి వల లాగే దృశ్యం మీలో పలువురు చూచినదే. పడవ వలను సముద్రంలోనికి తీసుకొనిపోయి, అర్ధచంద్రాకారంగా వదలి, తిరిగి ఒడ్డు చేరుతుంది. రెండు కొసల త్రాళ్ళను ఒడ్డున రెండు జట్లు పట్టుకొని లాగుతాయి. ఒక జట్టు వడిగా, మరొకటి మందంగా లాగితే వల ఒరిగిపోతుంది, చేప తప్పించుకొంటుంది. రెండు జట్ల వేగం ఒక్కటిగా ఉండాలి. లాగుతూ లాగుతూ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరగా జరగాలి. ఇక్కడ ఉపన్యాసానికి తావు లేదు. అలను, గాలిని, మనుషుల అలసటను ఎరిగిన పెద్దవాని కేక ఒక్కటి చాలు. ఆయన మాట ఎందుకు చెల్లుతున్నది? ఆ త్రాడు ఆయన అరచేతులను కూడా కాయలు కాయించింది కనుక. పని తెలియనివాని ఆజ్ఞకు మనుషులు తల ఊపుతారు గాని చేయి కదపరు.

అయితే పని తెలిసి ఉండడం ఒక్కటే చాలునా? చాలదనడానికి మన నెల్లూరు కవి తిక్కన సోమయాజియే సాక్ష్యం. ఆయన తెలుగు చేసిన ఉద్యోగపర్వంలో కౌరవసేనకు భీష్ముడు అధిపతి అవుతాడు. యుద్ధవిద్యలో ఆయనను మించినవాడు ఆ పక్షంలో లేడు. కాని తన సేనలోని వీరుల బలాబలాలను దుర్యోధనునికి వివరిస్తూ, నిండుసభలో కర్ణుని అర్ధరథుడని తేల్చివేస్తాడు. ఆ అవమానంతో కర్ణుడు, భీష్ముడు పడిపోయేవరకు తాను ఆయుధం పట్టనని ప్రతిన పూనుతాడు. పదకొండు అక్షౌహిణుల సేనకు మొదటి పది దినాలు కర్ణుడు లేకుండాపోయాడు. భీష్ముని అంచనా సరియైనదా కాదా అన్నది వేరే చర్చ. పండితులు దానిని నేటికీ తెగనీయరు. అది సరియైనదే అనుకొన్నా, తోటివారి ఎదుట ఒకనిని తక్కువచేసి పలికిన మాట సేనాధిపతికి ఎంత ఖరీదైనదో తిక్కనగారి పాఠకులు ఎరుగుదురు. లోపాన్ని ఏకాంతంలో చెప్పడం, ప్రశంసను పదిమందిలో చెప్పడం నాయకుడు అలవరచుకొనవలసిన మొదటి క్రమశిక్షణ.

ఇక అపజయం ఎదురైనప్పుడు ఏమి చేయాలి? నాయకుని అసలు పరీక్ష అక్కడ ఉన్నది. ఆ పరీక్ష మన సముద్రతీరంలోనే ఒకసారి జరిగింది. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న శ్రీహరికోట దీవిని అంతరిక్ష పరిశోధనకు 1969లో ఎంపిక చేశారు. (2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో అది తిరుపతి జిల్లాకు వెళ్ళింది గాని, నెల్లూరువారు దానిని తమదిగా చెప్పుకోవడం మానలేదు.) భారతదేశపు మొదటి ఉపగ్రహ వాహకనౌక ఎస్.ఎల్.వి.-3ని అక్కడి నుండియే ప్రయోగించారు. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు గల నౌక అది. దాని ప్రాజెక్టు డైరెక్టరు రామేశ్వరంలో పడవల యజమాని కుమారుడైన అబ్దుల్ కలాం. ఇస్రో అధ్యక్షులు ఆచార్య సతీశ్ ధావన్.

1979 ఆగస్టు 10వ తేదీ ఉదయం ఆ నౌక లేచింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో అదుపు తప్పి, బయలుదేరిన 317 సెకన్లకు సముద్రంలో పడిపోయింది. రెండవ దశను దారిలో నిలిపే నియంత్రణ వ్యవస్థకు నత్రికామ్లం కావాలి. ఒక కవాటం సరిగా మూసుకొనక ఆ ఆమ్లం కారిపోవడమే కారణమని తరువాత తేలింది. ఏడేండ్ల శ్రమ ఐదు నిమిషాల పైచిలుకులో నీటిపాలైంది.

ఆనాడు పత్రికా విలేఖరుల ముందుకు ధావన్ గారే వెళ్ళారు. కలాం గారిని ముందుకు నెట్టలేదు. వైఫల్యానికి బాధ్యత సంస్థాధ్యక్షునిగా తనదేనని, తన బృందంపై తనకు పూర్తి విశ్వాసమున్నదని, మరుసటి యేడు విజయం సాధిస్తామని చెప్పారు. 1980 జూలై 18న అదే శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 మరల లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆనాడు మాత్రం ధావన్ గారు పక్కకు తప్పుకొని, విలేఖరులతో మాట్లాడవలసినదిగా కలాం గారిని కోరారు. రాష్ట్రపతి పదవి నలంకరించిన తరువాత కూడా కలాం గారు దేశమంతటా విద్యార్థులకు ఈ సంగతి చెబుతూనే ఉండేవారు.

ఈ కథ మీకు తెలిసినదే కావచ్చు. వక్తృత్వ పోటీలలో ఏటా వినిపించేదే. కాని దీనిని ధావన్ గారి ఔదార్యంగా మాత్రమే చెప్పి ముగించడం నాకు అసంపూర్ణంగా తోస్తుంది. కలాం గారి ఆత్మకథలో (దీనిని వాడ్రేవు చినవీరభద్రుడు గారు ‘ఒక విజేత ఆత్మకథ’ పేర తెనిగించారు) మనవారు అంతగా చెప్పుకొనని భాగం మరొకటి కలదు. ప్రయోగం విఫలమైన తరువాత శాస్త్రజ్ఞులందరూ కూర్చుండి కారణాలు విచారించారు. సాంకేతిక కారణం స్పష్టంగా దొరికింది. కవాటం చెడిపోయింది, నేరం యంత్రానిది. కలాం గారు అంతటితో ఊరకుండవచ్చును. ఆయన లేచి, ప్రయోగానికి ముందు చివరి ఘడియలలోనే ఆమ్లం కారుతున్నట్లు కనిపించిందని, దానిని స్వల్పవిషయంగా భావించి ప్రయోగాన్ని ఆపకపోయిన నిర్ణయం తనదని, బాధ్యత తనదని సభాముఖంగా చెప్పారు. ముందుకు సాగవచ్చునని సలహా ఇచ్చిన నిపుణులు ఉన్నారు. వారి చాటున ఆయన దాగలేదు.

ఈ రెండు సంఘటనలనూ కలిపి చూచినప్పుడే పాఠం పూర్తి అవుతుంది. ధావన్ గారు బయటి ప్రపంచం ఎదుట బృందానికి గొడుగు పట్టారు. ఆ గొడుగు క్రింద, లోపల, నిజం నిర్మొగమాటంగా విచారించబడింది. గొడుగు లేకపోతే ఏమయ్యేది? ప్రతి ఇంజనీరూ తన కాగితాలు తాను భద్రపరచుకొని, తప్పు పక్కశాఖదని నిరూపించే పనిలో పడేవాడు. ఏ కవాటం ఎందుకు మూసుకొనలేదో తేలడానికి ఏండ్లు పట్టేది. గొడుగు ఉండి లోపల విచారణ లేకపోతే? అదే ఆమ్లం రెండవసారి కూడా కారిపోయేది. “బాధ్యత నాదే” అని సభలో పలికి, లోపల ఏ లెక్కా అడగనివారు మనకు కొదువలేరు. అది నాయకత్వం కాదు, మర్యాదగా కనిపించే నిర్లక్ష్యం.

తిరువనంతపురంలోని విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రానికి ఆనాడు సంచాలకులు డాక్టర్ బ్రహ్మప్రకాశ్. ప్రయోగం విఫలమైన దినాన అలసటతో నిద్రపోయిన కలాం గారిని ఆయన స్వయంగా వచ్చి లేపి భోజనానికి పిలుచుకొనిపోయారు. భోజనం ముగిసేవరకు రాకెట్టు మాట ఎత్తలేదు. ఎప్పుడు మాట్లాడాలో తెలిసినవారు చాలామంది ఉంటారు. ఎప్పుడు మాట్లాడకూడదో తెలిసినవారు అరుదు.

ఇవన్నీ పెద్ద పదవులలోని పెద్దల సంగతులని కొందరు అనవచ్చు. అట్టివారు మన జిల్లాలోనే కలిగిరి మండలంలోని దూబగుంటను తలచుకోవాలి. 1991లో అక్షరదీపం రాత్రిబడులలో అక్షరాలు దిద్దిన అక్కడి స్త్రీలు, సంసారాలను కూల్చుతున్న సారాను తమ ఊరిలో అమ్మనీయమని నిలబడ్డారు. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారికి పదవి లేదు, డిగ్రీ లేదు, మైకు లేదు. ప్రతి ఇంటిలోనూ ఉండి, ప్రతివారూ ఒంటరిగా మ్రింగుకొంటున్న బాధను పదిమంది కలిసి పైకి చెప్పేటట్లు చేయడమే ఆమె, ఆమె తోటి స్త్రీలు చేసిన పని. ఆ ఉద్యమం రాష్ట్రమంతా ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. ఆ సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారన్నది మరొక విచారకర విషయం. రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు.

విద్యార్థి దశలో ఈ గుణాలను అభ్యసించేదెట్లా? పుస్తకం చదివినంత మాత్రాన ఈత రాదు. మన కళాశాలలో అవకాశాలు కొల్లలు: ఎన్.ఎస్.ఎస్. శిబిరం, వార్షికోత్సవం, క్రికెట్టు జట్టు, ఈ పత్రిక సంపాదకవర్గం. సమావేశంలో నాయకుడు తన అభిప్రాయాన్ని ముందుగా చెప్పకూడదు. చెబితే తక్కినవారు దానికి తాళం వేస్తారే తప్ప తమకు తెలిసినది చెప్పరు. అందరి మాటా విని చివర చెప్పాలి. మాట్లాడనివానిని పేరు పెట్టి అడగాలి. శ్రీహరికోటలో ఆమ్లం కారినట్లు, ఏదో కారుతున్నదని గమనించినవాడు అతడే కావచ్చు. ఎవరికి ఏ పని, ఏ తేదీకి అన్నది కాగితంపై వ్రాసి అందరికీ కనిపించేటట్లు ఉంచాలి. పని అప్పగించిన తరువాత గంటగంటకూ పోయి తొంగిచూడకూడదు; ఒప్పుకొన్న తేదీన మాత్రం తప్పక అడగాలి.

మన కళాశాలకు ప్రత్యేకమైన విషయం మరొకటి ఉన్నది. ఇక్కడ కొందరు ఉర్దూలో ఆలోచిస్తారు, కొందరు తెలుగులో. ప్రకటన ఒక్క లిపిలోనే అంటించి, “వారు రాలేదు, వారికి ఆసక్తి లేదు” అని నిర్ణయించడం సులభం. బృందంలో సగంమంది మౌనం అనాసక్తి కాదు, తరచుగా భాషకు సంబంధించిన బిడియం. రెండు లిపులలోను ప్రకటన వ్రాయించడం, సభలో ఎవరికి ఏ భాష సుళువో ఆ భాషలో చెప్పనీయడం, అర్థం కాని పక్కవానికి మరొకరిచేత చెప్పించడం, ఇందుకు పట్టే కాలం పది నిమిషాలు. విద్యార్థినుల విషయంలోనూ ఇంతే. పేర్లు జాబితాలో వ్రాసి, వారు రాలేని వేళకు సమావేశం పెట్టడం వారిని పిలవడం కాదు.

మొహరం మాసంలో బారాషహీద్ దర్గా వద్ద, స్వర్ణాల చెరువు గట్టున జరిగే రొట్టెల పండుగకు దేశం నలుమూలల నుండి జనం వస్తారు. అక్కడ స్వచ్ఛందసేవకు వెళ్ళే విద్యార్థులు నలుగురైదుగురు ఒక జట్టుగా ఏర్పడి, ఎవరు మెట్ల వద్ద నిలవాలి, ఎవరు త్రాగునీరు అందించాలి, తప్పిపోయిన పిల్లవాడు కనిపిస్తే ఎక్కడ అప్పగించాలి, ఎవరు ఎప్పుడు భోజనానికి వెళ్ళాలి అన్నది ముందునాటి సాయంత్రమే కూర్చుండి వ్రాసుకోవాలి. ఆ జాబితాలో భోజనానికి వెళ్ళేవారి వరుసలో చివరి పేరు జట్టు నాయకునిదై ఉండాలి.