వామపక్ష జనాకర్షకవాదం: వెనెజువెలా ఓటరు తర్కం

సమాజాన్ని ‘నిష్కళంకులైన ప్రజలు’, ‘అవినీతిమయమైన ఉన్నతవర్గం’ అనే రెండు విరుద్ధ శిబిరాలుగా విభజించి, పాలన ప్రజల సమష్టి సంకల్పానికి మాత్రమే రూపం కావాలని వాదించే భావధారను రాజనీతి శాస్త్రం జనాకర్షకవాదమని వ్యవహరిస్తుంది. డచ్ పండితుడు కాస్ ముడ్డె 2004లో ప్రతిపాదించిన ఈ నిర్వచనానికి సంపద పునఃపంపిణీ, సహజ వనరుల జాతీయీకరణ, విదేశీ ద్రవ్యసంస్థల పట్ల వ్యతిరేకత తోడైనప్పుడు అది వామపక్ష రూపం ధరిస్తుంది. మన పత్రికలు ప్రతి ఉచిత పథకాన్నీ జనాకర్షకమనే అంటున్నాయి గాని, చౌకగా బియ్యం పంచడం ఒక ప్రభుత్వ విధానం మాత్రమే. పంచే నాయకుడు తనకు అడ్డువచ్చిన వ్యవస్థలన్నిటినీ ప్రజాశత్రువులుగా ప్రకటించినప్పుడే అది వాదమవుతుంది.

వర్ధమాన దేశాల ఓటర్లు ఇటువంటి నాయకులను పదే పదే ఎందుకు ఎన్నుకుంటారు? పేదరికమూ అవిద్యా వారిని తాయిలాలకు లొంగదీస్తాయన్నది చదువుకున్నవారి ఇళ్లలో తరచు వినవచ్చే సమాధానం. అది తొందరపాటు తీర్పు. మెల్ట్‌జర్, రిచర్డ్ అనే ఆర్థికవేత్తలు 1981లో దీనికంటే మేలైన సూత్రాన్ని ఇచ్చారు. సగటు ఆదాయం మధ్యస్థ ఓటరు ఆదాయాన్ని మించి ఉన్నచోట, అధిక సంఖ్యాకులు పునఃపంపిణీని కోరడం సహజమని వారి వాదం. అయితే ఓటరు తాను కోరినదానికంటే ఇంకా ఎడమకు జరిగిన నాయకుడిని ఎందుకు ఎంచుకుంటాడో ఈ సూత్రం చెప్పదు.

ఆ లోటును 2013లో ఏస్‌మొగ్లు, ఎగొరొవ్, సోనిన్ అనే ముగ్గురు పరిశోధకులు పూరించారు. నాయకుడు లోపాయికారీగా సంపన్నులకు అమ్ముడుపోయాడో లేదో ఓటరుకు కనబడదు. దీనినే సమాచార అసమానత అంటారు. న్యాయస్థానాలూ పత్రికలూ బలహీనంగా ఉన్న దేశంలో మితవాద వాగ్దానాన్ని నిజాయితీపరుడూ చేస్తాడు, అమ్ముడుపోయినవాడూ చేస్తాడు. కనుక ఆ మాటకు విలువ పోతుంది. సంపన్నులకు గిట్టని మాట అనడం, వారి పగను కొనితెచ్చుకోవడం రెండోవాడికి కష్టం. మూల్యం చెల్లించి పంపే ఈ సంకేతాన్ని ఓటరు గుర్తిస్తాడు. తనకు పూర్తిగా నచ్చని విధానాన్ని సైతం, మోసపోకుండా ఉండేందుకు కట్టే ధరగా అంగీకరిస్తాడు.

వెనెజువెలా చరిత్రను ఈ వెలుగులో చూడాలి. 1958లో నియంత పెరెజ్ హిమెనెజ్ పతనానంతరం ప్రధాన పార్టీలు పుంతో ఫిహో ఒప్పందంతో అధికారాన్ని పంచుకున్నాయి. చమురు రాబడి ఆ ఏర్పాటును నిలబెట్టింది. 1983లో దేశ ద్రవ్యం బొలివార్ విలువ తగ్గించడంతో జీవన ప్రమాణాలు జారసాగాయి. 1988లో ప్రజలు 1970ల చమురు వైభవాన్ని తలచుకుని కార్లోస్ ఆంద్రెస్ పెరెజ్‌ను మళ్లీ గెలిపించారు. ఆయన పదవి చేపట్టిన రెండు వారాలకే అంతర్జాతీయ ద్రవ్యనిధి తరహా సర్దుబాటు ప్యాకేజీని ప్రకటించారు. పెట్రోలు ధర పెరిగింది. 1989 ఫిబ్రవరి 27, సోమవారం తెల్లవారుజామున గ్వారెనాస్ పట్టణంలో కారకాస్‌కు కూలికీ కొలువుకూ బయలుదేరినవారు బస్సు ఎక్కబోతే, చార్జీ ప్రభుత్వం చెప్పినదానికంటే ఎక్కువ అడిగారు. విద్యార్థుల రాయితీ చెల్లదన్నారు. బస్టాండులో మొదలైన తగవు సాయంత్రానికి రాజధానిని చుట్టుముట్టింది. దుకాణాలు పగిలినప్పుడు, కొరత పేరుతో దాచిన సరుకులు వెనుక గదుల్లో బయటపడ్డాయి. సైన్యం కాల్పుల్లో వందలాది మంది మరణించారు.

ఆ కాలంలోనే అర్జెంటీనాలో మెనెమ్, పెరూలో ఫుజిమొరి ఒక మాట చెప్పి గెలిచి మరొకటి చేశారు. వెనెజువెలాలో ఈ అనుభవం రెండోసారీ ఎదురైంది: సర్దుబాటును వ్యతిరేకించి 1993లో గెలిచిన కాల్దెరా 1996లో ద్రవ్యనిధితోనే ఒప్పందం కుదుర్చుకున్నారు. ఓటరు దృష్టిలో మితవాద వాగ్దానం పూర్తిగా చెల్లని నాణెమైంది. ఇక 1992 ఫిబ్రవరిలో విఫల సైనిక తిరుగుబాటు నడిపిన హ్యూగో చావెజ్ లొంగిపోతూ టెలివిజన్‌లో ఆ వైఫల్యానికి బాధ్యత తనదేనని ప్రకటించారు. తప్పు ఒప్పుకునే నాయకుడిని ఆ తరం చూసి ఎరుగదు. పైగా ఆయన చెరసాల రూపంలో మూల్యం చెల్లించారు.

1998 డిసెంబరులో ఆయన 56 శాతం ఓట్లతో గెలిచేనాటికి చమురు ధర పీపా పది డాలర్ల దరిదాపుల్లో ఉంది; పంచడానికి ఖజానాలో ఏమీ లేదు. ప్రధాన హామీ కొత్త రాజ్యాంగ పరిషత్తు. మధ్యతరగతి కూడా ఆయనకు ఓటు వేసింది. క్యూబా వైద్యులు మురికివాడల్లో ఎనిమిది పలకల ఇటుక కట్టడంలో కింద రోగులను చూస్తూ పైన నివసించిన ‘బార్రియో అదెంత్రో’ వంటి పథకాలు 2003లో గాని మొదలు కాలేదు. అవి 2006 నాటి 63 శాతం విజయాన్ని వివరించగలవు గాని తొలి విజయాన్ని వివరించలేవు. తాయిలాల సిద్ధాంతం ఈ కాలక్రమం ముందు నిలవదు.

మరింత కఠినమైన ప్రశ్న ఒకటుంది: ఓటర్లు అధ్యక్షుడిపై ఉన్న నిరోధ సమతౌల్యాలను తామే ఎందుకు తొలగిస్తారు? ఏస్‌మొగ్లు, రాబిన్సన్, టోర్విక్‌ల విశ్లేషణ ప్రకారం, కట్టుబాట్ల మధ్య ఉన్న అధ్యక్షుడిని ఉన్నతవర్గం తక్కువ ధరకే కొనగలదు. అపరిమితాధికారం గలవాడు అవినీతిపరుడైనా వారికి అందడు. 1999 డిసెంబరులో సుమారు 72 శాతం ఆమోదించిన రాజ్యాంగం సెనేట్‌ను రద్దు చేసి, పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచి, వెంటనే తిరిగి పోటీ చేసే వీలు కల్పించింది. అది అజ్ఞానంతో వేసిన ఓటు కాదు. కాని ఆ లెక్క, నాయకుడు ఎప్పటికీ తమ పక్షానే ఉంటాడన్న ఊహపై ఆధారపడింది. నా దృష్టిలో దాని లోపమంతా అక్కడే ఉంది.

చావెజ్ 2013లో మరణించారు. మరుసటి ఏడు చమురు ధర కూలింది. అతిద్రవ్యోల్బణంతో 70 లక్షలకు పైగా ప్రజలు దేశం విడిచారు. 2015 డిసెంబరులో ఓటర్లు జాతీయ సభలోని 167 స్థానాల్లో 112 ప్రతిపక్షానికి ఇచ్చారు. కొత్త సభ కొలువుదీరకముందే పాత సభ సుప్రీం న్యాయస్థానానికి 13 మంది న్యాయమూర్తులను నియమించింది. పదవిలో ఉన్నవారిని మధ్యలోనే దించేందుకు 1999 రాజ్యాంగం ప్రజాభిప్రాయ సేకరణ హక్కు ఇచ్చింది. చావెజ్ స్వయంగా 2004లో ఆ పరీక్షకు నిలిచి నెగ్గారు. 2016 అక్టోబరులో, ఆయన వారసుడిగా అధ్యక్షుడైన మదురోపై ఆ హక్కును వినియోగించేందుకు సంతకాల సేకరణ మొదలవబోతుండగా, ఎన్నికల మండలి దానిని నిలిపివేసింది.