ఒక్క సెకను అటూ ఇటూ

2010 ఏప్రిల్ 24, కాలిఫోర్నియాలోని శాక్రమెంటో. లెనార్డ్ గార్సియా, జంగ్ చాన్‌సంగ్ ఇద్దరూ కాచుకోవడం మానేసి మూడు రౌండ్లూ గుద్దుకుంటూనే ఉన్నారు. విద్య తెలిసినవాళ్లు తల పట్టుకునే పోరు అది, చూసేవాళ్లకు మాత్రం పండగ. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు గార్సియా గెలిచాడన్నారు. జనం ఒప్పుకోలేదు, గోలగోల చేశారు. అమెరికాలో మొదటి పోటీ ఓడిపోయిన ఆ 23 ఏళ్ల కొరియా కుర్రాడు, గెలిచినవాడికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు.

ఆ పేరు ‘కొరియన్ జాంబీ’. ఎన్ని తగిలినా ముందుకే వస్తాడని తోటివాళ్లు పెట్టింది. ‘ట్రైన్ టు బుసాన్’ వచ్చి కొరియా జాంబీలను మన ఇళ్లలోకి తేవడానికి అప్పటికింకా ఆరేళ్లుంది. మన ‘జాంబీ రెడ్డి’ రావడానికైతే పదకొండేళ్లు. ఆ పేరే టీషర్టుల మీదికెక్కింది, పోస్టర్లకెక్కింది, పదమూడేళ్లు అతనికి అన్నం పెట్టింది. దానికి తగ్గట్టు ఉండబోయి అతను చేజార్చుకున్నవీ తక్కువేం కాదు.

జాంబీలు పడిపోరన్న నమ్మకం ఆరు నెలలైనా నిలవలేదు. ఆ సెప్టెంబర్‌లో జార్జ్ రూప్ అనే పొడగరి తల మీద తన్నిన ఒక్క తన్నుకు జంగ్ స్పృహ తప్పాడు. వరసగా రెండు ఓటములు. చిన్నప్పుడు హాప్‌కిడో, తర్వాత కిక్‌బాక్సింగ్, కుస్తీ పట్లు నేర్చుకుని వచ్చినవాడు మొదటిసారి ఆగి, తన పద్ధతి మార్చుకున్నది అప్పుడే. అభిమానులు జాంబీని చూడ్డానికి వస్తున్నారు, అతను జాంబీలా పోరాడటం తగ్గిస్తున్నాడు. నా లెక్కలో జంగ్ అసలు గొప్పతనం ఆ తర్వాతి రెండేళ్లదే.

ఆ రెండేళ్లూ గడిచింది యూఎఫ్‌సీలో. యూఎఫ్‌సీ అంటే ఎనిమిది పలకల ఇనుప కంచె, అందులో ఇద్దరు. గుద్దొచ్చు, తన్నొచ్చు, కింద పడేసి పట్టు పట్టొచ్చు. రౌండుకు ఐదు నిమిషాలు. మామూలు పోటీకి మూడు రౌండ్లు, టైటిల్ పోటీకీ ఆ రోజు ప్రధాన పోటీకీ ఐదు. జంగ్‌ది ఫెదర్‌వెయిట్, అంటే బరువు 145 పౌండ్లు, దాదాపు 66 కిలోలు. 2011 మార్చి 26న సియాటిల్‌లో అదే గార్సియాతో మళ్లీ తలపడ్డాడు. ఈసారి గుద్దులాటకు దిగలేదు. రెండో రౌండ్ చివర్లో వెనకనుంచి ఎక్కి, అతని కాలిని తన కాళ్లతో బిగించి, తలను రెండో వైపుకు లాగాడు. నడుము ఒక దిక్కు, మెడ ఒక దిక్కు, తడిబట్టను పిండినట్టు. ట్విస్టర్ అంటారు దీన్ని. అమెరికా జిజుట్సు గురువు ఎడ్డీ బ్రావో ప్రచారంలోకి తెచ్చిన పట్టు. దాన్ని జంగ్ బ్రావో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. యూఎఫ్‌సీ చరిత్రలో అంతవరకూ ఎవరూ దాంతో గెలవలేదు. గార్సియా లొంగిపోయినప్పుడు గడియారంలో 4 నిమిషాల 59 సెకన్లు. ఇంకొక్క సెకను ఓర్చుకుని ఉంటే గంట మోగి బయటపడేవాడు.

అదే ఏడాది డిసెంబర్‌లో టొరంటో. అంతకు ముందే టైటిల్ కోసం పోరాడిన కెనడా వీరుడు మార్క్ హామినిక్ సొంత జనం ముందు మొదటి ఎడమ హుక్ విసిరాడు. అది గురి తప్పింది. జంగ్ కుడి చెయ్యి తప్పలేదు. ఏడు సెకన్లలో అయిపోయింది, యూఎఫ్‌సీలో అప్పటికున్న అతి వేగవంతమైన నాకౌట్ రికార్డుకు సమం. 2012 మేలో డస్టిన్ పోరియర్‌ను నాలుగో రౌండ్‌లో మెడపట్టుతో ఊపిరాడకుండా చేసి ఓడించాడు. పోరియర్ తర్వాత లైట్‌వెయిట్‌లో తాత్కాలిక చాంపియన్ అయ్యాడంటే ఆ గెలుపు విలువ తెలుస్తుంది.

ఇక మిగిలింది బెల్టే. 2013 ఆగస్టు 3న రియో డి జనీరోలో చాంపియన్ జోసే ఆల్డో ఎదురుగా నిలబడ్డాడు. యూఎఫ్‌సీ టైటిల్ కోసం పోరాడిన మొదటి కొరియా వాడు జంగే. పోటీలో ఆల్డోదే పైచేయి, కానీ జంగ్ నెమ్మదిగా పుంజుకుంటున్నాడు. నాలుగో రౌండ్‌లో విసిరిన కుడి పంచ్ ఆల్డో చేతికి తగిలి జంగ్ భుజం జారింది. రెండో చేత్తో పట్టుకుని, పోటీ మధ్యలోనే, దాన్ని తిరిగి గూటిలోకి నెట్టుకోబోయాడు. చాంపియన్ అది కనిపెట్టాడు. ఆ భుజం మీదే తన్నాడు. రిఫరీ ఆపేశాడు.

ఆ తర్వాత భుజం బాగు చేసుకోవడం, దాని వెంటే సైనిక సేవ. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ చెయ్యాల్సిందే. ఒలింపిక్ పతకమో ఆసియా క్రీడల స్వర్ణమో తెస్తే మినహాయింపు ఉంటుంది గానీ ఈ ఆట అప్పట్లో ఆ రెండింటిలోనూ లేదు. దేశం పేరునే మారుపేరుగా మోసిన వాడికి దేశం నుంచి ఆ సడలింపు దొరకలేదు. 2014 నుంచి రెండేళ్లు ప్రజాసేవా విధుల్లో గడిపాడు. 26 ఏళ్లకు ఆగినవాడు మళ్లీ కంచెలోకి వచ్చేసరికి 29 దాటాయి. పోరాటగాడికి అవి బంగారం లాంటి ఏళ్లు. 2017 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో డెనిస్ బెర్ముడెజ్‌ను మొదటి రౌండ్‌లోనే అప్పర్‌కట్‌తో పడగొట్టాడు. అంతలోనే మోకాలి లిగమెంట్ తెగి మళ్లీ మంచం.

2018 నవంబర్ 10, డెన్వర్. ప్రత్యర్థి మెక్సికోకు చెందిన యయీర్ రోడ్రిగెజ్. ఐదో రౌండ్ చివరి పది సెకన్లు. పాయింట్లలో జంగ్ ముందున్నాడు. చెయ్యాల్సింది ఒక్కటే, దూరంగా నిలబడటం. అతను చొరబడ్డాడు. తల కిందికి వంచుకున్న రోడ్రిగెజ్ చూడకుండానే మోచెయ్యి వెనక్కి, పైకి విసిరాడు. అది సూటిగా గడ్డానికి తగిలి జంగ్ బోర్లా పడ్డాడు. గడియారంలో 4:59. ఏడేళ్ల క్రితం సియాటిల్‌లో అతన్ని గెలిపించిన సెకనే! విధి అని రాసుకోవడం తేలిక. నాకలా అనిపించదు. ఆ రాత్రి అతన్ని ముందుకు నడిపింది జనం పెంచుకున్న పేరు, దాన్ని నమ్మిన అతని కాళ్లు. యూఎఫ్‌సీలో అంత ఆలస్యంగా పడ్డ నాకౌట్ అప్పటికి మరోటి లేదు.

అంత దెబ్బ తిన్నవాడు తర్వాతి జూన్‌లో రెనాటో మోయికానోను 58 సెకన్లలో ముగించాడు. డిసెంబర్‌లో సొంత దేశంలో, బుసాన్‌లో, మాజీ లైట్‌వెయిట్ చాంపియన్ ఫ్రాంకీ ఎడ్గర్‌ను మొదటి రౌండ్‌లోనే పడేశాడు. అక్కడ తలపడాల్సింది నిజానికి బ్రయాన్ ఒర్టెగా, గాయంతో రాలేదు. ‘తప్పించుకున్నాడు’ అని జంగ్ అన్న మాటను ఇంగ్లిష్‌లో చెప్పింది గాయకుడు జే పార్క్. 2020 మార్చిలో లాస్‌వేగాస్‌లో ఓ పోటీ చూస్తుండగా, జంగ్ పక్కన లేని సమయం చూసి ఒర్టెగా వెళ్లి పార్క్ చెంప పగలగొట్టాడు. అన్నవాడిని వదిలేసి అనువదించినవాడిని కొట్టడం! తర్వాత క్షమాపణ చెప్పాడులెండి.

అక్టోబర్‌లో అబుదాబిలో పగ తీరలేదు. రెండో రౌండ్‌లో ఒర్టెగా గిర్రున తిరిగి కొట్టిన మోచేతి దెబ్బతో జంగ్ పడిపోయాడు. లేచి మిగతా మూడు రౌండ్లూ ఆడాడు, పాయింట్లలో ఓడాడు. ఆ దెబ్బ తర్వాత ఏం జరిగిందో తనకు గుర్తులేదని ఆ తర్వాత అతనే చెప్పాడు. జాంబీ అన్న మాట సరదాగా వాడేవాళ్లు ఆ మూడు రౌండ్లను ఒకసారి తలచుకోవాలి.

2022 ఏప్రిల్‌లో టైటిల్ కోసం రెండో అవకాశం వచ్చింది. చాంపియన్ అలెగ్జాండర్ వోల్కనోవ్‌స్కీ ముందు అతను ఏ రౌండ్‌లోనూ నిలవలేదు. నాలుగో రౌండ్ మొదట్లోనే రిఫరీ ఆపాడు.

అయినా మాజీ చాంపియన్ మాక్స్ హాలోవే అతనితోనే ఆడతానని అడిగి మరీ ఒప్పించుకున్నాడు. తాను తలపడని దిగ్గజాల్లో అతనొకడని కారణం. 2023 ఆగస్టు 26న సింగపూర్‌లో రెండో రౌండ్‌లో దెబ్బతిని, మెడపట్టు నుంచి ఎలాగో బయటపడ్డ జంగ్, మూడో రౌండ్ గంట మోగగానే కాచుకోవడం మానేసి రెండు చేతులూ విసురుతూ మీదికెళ్లాడు. 23 సెకన్లలో హాలోవే కుడి చెయ్యి ముగించింది. ఈసారి మాత్రం అది పొరపాటు కాదు. గెలవడానికి మరో దారి లేదని తెలిసే వెళ్లాడు. అక్కడే గ్లవ్స్ విప్పి నేల మీద పెట్టి, 36 ఏళ్లకు ఆట మానేశాడు. 17 గెలుపులు, 8 ఓటములు. మరుసటి ఏడాది జెడ్ఎఫ్ఎన్ పేరుతో కొరియాలో సొంతంగా పోటీల సంస్థ మొదలుపెట్టాడు.