మోటారు సైకిలు వెనుక దిండు: తీయుట, మరల బిగించుట

మోటారు సైకిళ్లలో క్రూయిజరు అనబడు జాతి యొకటి కలదు. దాని ఆసనము పల్లముగా నుండును. హాండిలు ఎత్తుగా నుండును. నడుపువాడు పాదములను ముందునకు చాచి యుంచుకొనును. అమెరికా దేశపు దీర్ఘమైన రహదారులపై గంటల తరబడి అలసట లేక సాగుటకై ఈ రూపము ఏర్పడినది. 1903లో మిల్వాకీ నగరమున ఆరంభమైన హార్లీ డేవిడ్‌సన్ సంస్థ ఇట్టి బండ్లకు ప్రసిద్ధి. మన దేశమున 2001లో బజాజ్ వారి ఎలిమినేటరు, 2002లో రాయల్ ఎన్‌ఫీల్డు వారి థండర్‌బర్డు, 2005లో బజాజ్ వారి అవెంజరు, 2020లో మరల ఎన్‌ఫీల్డు వారి మీటియరు వరుసగా వచ్చి, ఈ వాహనమును పల్లెల వరకు పరిచితము గావించినవి.

ఈ బండ్లలో పెక్కింటికి వెనుక కూర్చుండువారి వీపునకు ఆనికగా ఒక దిండు ఉండును. దానిని బ్యాక్‌రెస్టు అందురు. దిండును మోయు ఉక్కు కమ్మి రెండు ప్రక్కలను దిగివచ్చి, మడ్‌గార్డునకు గాని, చట్రమునకు గాని బోల్టులతో బిగింపబడి యుండును. ఈ దిండును తీసివేయవచ్చునా, తీసినచో ఎట్లు తీయవలెను అను ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దాని వెనుక ఒక మనిషి ప్రాణము కూర్చుండి యున్నదని మరువరాదు.

గూడూరు నుండి ఎమ్మిగనూరునకు, ఆదోనికి, మంత్రాలయమునకు పోవు దారులలో మోటారు సైకిలు కేవలము విలాస వస్తువు కాదు. నేత నేయువారికి అది చీరెల మూట మోయు బండి. రైతునకు విత్తనముల సంచి మోయు బండి. ఇంటివారికి తల్లిని ఆసుపత్రికి గొనిపోవు బండి. మూట వేయువానికి దిండు అడ్డము. వెనుక నుండి కాలు దాటించి యెక్కవలసిన ముసలివారికి అది మరింత అడ్డము. ఇరుకు వాకిలిలో బండిని లోనికి త్రోయునప్పుడు కమ్మి గోడకు తగులును. కనుక దానిని తీయవలెనను కోరిక సహజమే. తయారుచేయువారును దీనిని తప్పనిసరి యని భావింపలేదు. 2015లో వచ్చిన అవెంజరులో క్రూజ్ అను రకమునకు దిండు ఉండగా, స్ట్రీట్ అను రకము దిండు లేకయే వెలువడినది. 2018 నాటి థండర్‌బర్డు ఎక్స్ కూడ అట్టిదే.

అయినను ఆ దిండు చేయు పని యేమో మొదట తెలిసికొనవలెను. నిలిచియున్న బండి అయిదు క్షణములలో గంటకు 54 కిలోమీటర్ల వేగము నందుకొన్నదనుకొందము. అప్పుడు 60 కిలోల బరువుగల మనిషిని ముందునకు కొనిపోవుటకు సుమారు 18 కిలోల బరువునకు సమానమైన బలము కావలెను. దిండు ఉన్నచో ఆ బలములో అధిక భాగమును అది వీపునకు అందించును. లేనిచో చేతులే అందింపవలెను; చేతులు పట్టు తప్పినచో మనిషి వెనుకకు జారును. బ్రేకు వేసినప్పుడు మాత్రము దిండు వలన ప్రయోజనము లేదు. అప్పుడు శరీరము ముందునకే పోవును.

మన స్త్రీలు అనేకులు చీరె కట్టుకొని ఎడమ ప్రక్కకు తిరిగి కూర్చుందురు. అట్లు కూర్చున్నవారికి దిండు వీపు వైపున ఉండదు, ఎడమ భుజము వైపున ఉండును. కుడి చేయి నడుపువానిని పట్టుకొన్నచో, ఎడమ చేతికి దొరకు ఆధారము ఆ కమ్మియే. కాబట్టి వారికి దిండు కంటె కమ్మి ముఖ్యము.

చట్టము చెప్పునదియు ఇదియే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 123వ నియమము ప్రకారము, వెనుక మనిషి కూర్చుండుటకు వీలున్న ప్రతి మోటారు సైకిలునకు శాశ్వతమైన చేతిపట్టు, కాలు మోపు పీట, వెనుక చక్రములో కనీసము సగమును కప్పు రక్షణ ఉండవలెను. చీరె కొంగు చక్రములో చిక్కుకొనకుండుటకే ఈ చివరి యేర్పాటు. బ్యాక్‌రెస్టును గురించి ఆ నియమము నిర్బంధింపలేదు. అయితే కొన్ని బండ్లలో దిండు, చేతిపట్టు ఒకే కమ్మిపై నుండును. అట్టి బండిలో దిండును మాత్రమే విప్పి కమ్మిని ఉంచవలెను. అది వీలుకానిచో, వేరొక చేతిపట్టును బిగించిన పిమ్మటనే కమ్మిని తీయవలెను.

ఇక తీయు పద్ధతి. బండిని చదునైన గట్టి నేలపై స్టాండు వేసి నిలిపి, తాళము తీసివేయవలెను. పొగగొట్టము చల్లారువరకు ఆగవలెను. కమ్మికి దిగువనున్న రంగు గీరుకొనకుండ మెత్తని గుడ్డ కప్పవలెను. అనేక బండ్లలో బోల్టు తల ఆరు పలకల గుంటగా నుండును. దానికి అలెన్ కీ అను వంపు తాళపుచెవి కావలెను. కొన్నింటికి మామూలు పానాయే చాలును. నల్లరేగడి దారులలో తిరిగిన బండి కైనచో ఆ గుంటలో మట్టి గట్టిపడి యుండును. మొదట దానిని సూదితో గీకి శుభ్రము చేయవలెను. మట్టి ఉండగా కీ పూర్తిగా దిగదు. దిగక త్రిప్పినచో పలకలు అరిగి బోల్టు ఎవరికిని లొంగనిదగును. తుప్పు పట్టియున్నచో తుప్పు వదలించు నూనె చుక్కలు వేసి కొంతసేపు నాననీయవలెను.

పిదప రెండు ప్రక్కల బోల్టులను గడియారపు ముల్లునకు ఎదురుగా కొద్దికొద్దిగా వదులు చేయవలెను. ఒక ప్రక్క పూర్తిగా విప్పి రెండవ ప్రక్క బిగువుగా ఉంచినచో కమ్మి మెలిపడును. అన్నియు వదులైన పిమ్మట ఒకరు దిండును పట్టుకొని యుండగా మరియొకరు బోల్టులను తీయవలెను. సూచిక దీపముల తీగలు కమ్మి వెంబడి పోయి యున్నచో లాగరాదు. వాటి కలయికను విప్పి, లేదా దీపములను వేరొకచోట బిగించి, అవి వెలుగుచున్నవో లేదో పరీక్షింపవలెను.

ఇచ్చట అందరును జాగ్రత్త వహింపవలసిన విషయ మొకటి కలదు. కొన్ని బండ్లలో ఆ బోల్టులు దిండును మాత్రమే గాక, మడ్‌గార్డును కూడ పట్టి యుంచును. దిండు తీసి బోల్టులను పారవేసినచో మడ్‌గార్డు ఊగి, కాలక్రమమున పగులును. అట్లని పాత బోల్టునే మరల బిగించుటయు ప్రమాదమే. కమ్మి మందము తగ్గినందున బోల్టు అంతమేర లోపలికి చొచ్చుకొనిపోవును. గుంతలో బండి క్రుంగినప్పుడు దాని కొన టైరును కోయవచ్చును. కనుక తగ్గిన మందమునకు సరిపడు వాషర్లు వేయవలెను, లేదా అంత పొట్టియైన, అదే మరగల బోల్టును వాడవలెను. బిగించిన పిమ్మట వెనుక ఇద్దరిని కూర్చుండబెట్టి బండిని క్రుంగజేసి, టైరునకు బోల్టునకు మధ్య ఎడము మిగిలియున్నదా అని చూడవలెను. ఇది నిలిచియున్న బండిపై చేయు పరీక్ష మాత్రమే. దారిపై వెనుక ఒక్కరికే చట్టము అనుమతి నిచ్చుచున్నది.

ఖాళీగా మిగిలిన రంధ్రములకు రబ్బరు బిరడాలు పెట్టినచో నీరు చేరదు. విప్పిన బోల్టులను, వాషర్లను ఏ ప్రక్కవి ఆ ప్రక్కకు వేరుచేసి, చిన్న సంచులలో కట్టి దిండుతోనే భద్రపరుపవలెను. కొంతదూరము నడిపిన తరువాత బిగువును మరియొకసారి చూడవలెను. బిగింపవలసిన బలమెంతయో బండితో వచ్చిన పుస్తకములో ఉండును. హార్లీ వంటి కొన్ని బండ్లలో గొళ్లెము త్రిప్పగనే దిండు ఊడివచ్చు రకము కూడ కలదు. మరల పెట్టునప్పుడు గొళ్లెము పూర్తిగా పడినదో లేదో లాగి చూచుట చాలును.

మూట వేయువారికి ఒక మాట. దిండు ఉన్నప్పుడు త్రాడు కట్టుటకు అదియే ఆధారముగా నుండెను. అది పోయిన పిమ్మట మూట వెనుకకు జారును. వెనుక ఇరుసును దాటి బరువు వ్రేలాడినచో ముందు చక్రము తేలికయై హాండిలు అదుపు తప్పును. కనుక మూటను ఆసనముపైనే, ముందునకు జరిపి, చట్రమునకు కట్టవలెను.

ఎవరు వెనుక కూర్చుందురో చూచి నిర్ణయము చేసికొనవలెను. నిత్యము మూటయే ఎక్కు బండికి దిండు అనవసరము. వృద్ధులు, గర్భిణులు, దారిలో కునుకు పట్టు పిల్లలు ఎక్కు బండికి దానిని ఉంచుటయే మేలు. ఎక్కుటకు కష్టమైనచో చిన్న పీట వేసి ఎక్కింపవచ్చును. నాలుగేండ్ల లోపు పిల్లలను నడుపువానితో కలిపి కట్టు పట్టీ ఉండవలెననియు, అట్లు పోవునప్పుడు వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో చేసిన నియమము 2023 నుండి అమలులోనికి వచ్చినది. దిండు ఉన్నను లేకున్నను వెనుకవారికి శిరస్త్రాణము తప్పదు. అరగంట పనితో దిండు ఊడివచ్చును. ఆ అరగంటకు ముందు, వెనుక కూర్చుండువారిని ఒక్కమాట అడిగి తెలిసికొనుట ఇంటి యజమాని ధర్మము.