ఎముక మజ్జకు ఫాస్ఫేటు కబురు

భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో బడికెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పగానే మనవాళ్లకు ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ గుర్తొస్తాయి. నా దృష్టిలో మాత్రం ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద పని అంతకుముందుది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. మాలిబ్డేట్, దాని వెంట ఒక క్షయకరణి కలిపితే ద్రావణం నీలమవుతుంది. ఆ నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ కొలతే వాళ్లను కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌కు, 1929లో ఏటీపీకి చేర్చింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

ఏటీపీ అంటే కణానికి శక్తి అని బడిలో చదువుకుంటాం. కణం లోపల ఆజ్ఞలు నడిచేది కూడా చాలావరకు దాని చివరనున్న ఫాస్ఫేటుతోనే. రక్తం తయారీలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

మన ఒంట్లో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడుతుంటాయి. ఆక్సిజన్ తగ్గిందని పసిగడితే మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా వదులుతాయి. అది ఎముక మజ్జకు చేరి, ఎర్రకణాలుగా మారబోయే కణాల పైపొర మీది గ్రాహకాన్ని పట్టుకుంటుంది. గ్రాహకం లోపలి తోకను జాక్2 అనే ఎంజైము ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉంటుంది. ఎరిత్రోపోయిటిన్ తగలగానే రెండు జాక్2లు దగ్గరవుతాయి. ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తీసి ముందు ఒకదానికొకటి, తర్వాత గ్రాహకం తోకకు అంటిస్తాయి. ఆ ఫాస్ఫేటు ఉన్నచోటే స్టాట్5 అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది. తానూ ఒక ఫాస్ఫేటు తగిలించుకుని, జంటగా కేంద్రకంలోకి వెళ్లి, కణాన్ని చావకుండా కాపాడే జన్యువులను పనిలో పెడుతుంది. ఈ కబురు అందని కణం తనంతట తానే చచ్చిపోతుంది.

నీళ్లు వదలడం తెలిస్తే చాలదు, తూము మూయడమూ తెలియాలని డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ పని ఎస్‌హెచ్‌పీ-1 అనే ఎంజైముది: జాక్2 మీది ఫాస్ఫేటును ఊడదీస్తుంది. స్టాట్5 పనిలో పెట్టిన జన్యువుల్లోనూ కొన్ని ఈ మార్గాన్ని అణిచే ప్రోటీన్లను తయారుచేస్తాయి.

ఈ అదుపు తప్పితే ఏమవుతుందో 2005లో తేలింది. జాక్2లో 617వ స్థానంలో వాలీన్ బదులు ఫినైల్‌అలనీన్ పడితే చాలు, ఎరిత్రోపోయిటిన్ రాకున్నా అది ఆగకుండా పనిచేస్తుంది. ఎర్రకణాలు మితిమీరి పుట్టే పాలిసైథీమియా వెరా అనే జబ్బు ఉన్న రోగుల్లో దాదాపు 95 శాతం మందిలో ఉండేది ఈ మార్పే. రక్తం చిక్కబడుతుంది, ముఖం ఎర్రబారుతుంది, స్నానం చేశాక ఒళ్లంతా దురద పుడుతుంది. రక్తం గడ్డకట్టి మెదడుకో గుండెకో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు. రుక్సోలిటినిబ్ అనే మాత్ర జాక్2లో ఏటీపీ కూర్చునే గుంటలోనే చేరి, దానికి ఫాస్ఫేటు దొరకకుండా చేస్తుంది. అయినా ఈ జబ్బుకు తొలి చికిత్స ఇప్పటికీ అప్పుడప్పుడూ రక్తం తీసి హెమటోక్రిట్‌ను, అంటే రక్తంలో ఎర్రకణాల వాటాను, 45 శాతం లోపు ఉంచడం, తోడుగా చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇవ్వడం.