గద్దె దింపిన జిల్లాయే ఢిల్లీకి పంపింది
బస్సుల కేసులో ముఖ్యమంత్రి పదవి వదిలిన సంజీవరెడ్డి

చిప్పగిరి : ఎర్రబస్సు ఎక్కి ఆదోని పత్తి మార్కెట్టుకు వెళ్లి వచ్చే ఈ ప్రాంతపు రైతుల్లో నేటి తరం వారికి ఒక సంగతి అంతగా తెలియదు. కర్నూలు జిల్లా పడమటి భాగంలో బస్సు రూట్ల మీద వచ్చిన తగాదా 1964లో ముఖ్యమంత్రి శ్రీ నీలం సంజీవరెడ్డి పదవికే ఎసరు పెట్టింది. పదమూడేళ్ల తరువాత ఇదే జిల్లా ఓటర్లు ఆయనను ఢిల్లీకి పంపారు. నాలుగు నెలలకే ఆయన రాష్ట్రపతి అయ్యారు.

బావమరిది చేతిలో ఓటమి

శ్రీ సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టారు. 1931లో చదువు మానుకొని స్వాతంత్ర్యోద్యమంలో దిగారు, జైలుకు వెళ్లారు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో తన బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు శ్రీ తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతదాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడే ఆంధ్రలో చేరాయి. చిప్పగిరి ఆ ఆలూరు తాలూకాలోనిదే. శ్రీ ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి కాగా, శ్రీ సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి పదవి ఆయననే వరించింది.

1960లో కాంగ్రెసు అధ్యక్షుడిగా వెళ్లడంతో ఆ కుర్చీలో కర్నూలు జిల్లావాసి శ్రీ దామోదరం సంజీవయ్య కూర్చున్నారు. 1962లో శ్రీ సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఈసారి శాసనసభకు ఆయన నియోజకవర్గం డోన్.

బస్సుల తగాదా

ప్రైవేటు బస్సుల రూట్లను ఆర్టీసీకి అప్పగించే పథకం అప్పట్లో ఒక్కో జిల్లాలో అమలవుతోంది. కర్నూలు జిల్లాలో ముందు అనుకున్న వరుస మారి పడమటి భాగం ముందుకు వచ్చింది. 1962 ఎన్నికల్లో తమ వర్గాన్ని ఎదిరించిన వారిని దెబ్బ తీయడానికే ముఖ్యమంత్రి ఈ మార్పు చేయించారని బస్సు యజమానులు కోర్టుకెక్కారు. హైకోర్టులో వారికి చుక్కెదురైంది. వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ముఖ్యమంత్రి ఆ ఆరోపణలను ఖండిస్తూ స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ మౌనాన్ని ఎత్తిచూపి, పథకాలను కొట్టివేసింది. బస్సులు ప్రభుత్వపరం చేయడం తప్పని కోర్టు అనలేదు. ఆ అధికారాన్ని ఏ ఉద్దేశంతో వాడారన్నదే అక్కడ తేలవలసిన ప్రశ్న.

ఫిబ్రవరిలో శ్రీ సంజీవరెడ్డి రాజీనామా చేశారు. శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. కోర్టు మాటకు తలవంచి పదవి వదిలారని అభిమానులు మెచ్చుకున్నా, అసలు ఆ మాట పడవలసిన పరిస్థితి ఎందుకు తెచ్చుకున్నారన్న ప్రశ్న మిగిలిపోయింది. విశేషమేమంటే, బస్సుల కేసులో పదవి పోగొట్టుకున్న ఆయనే 1966లో కేంద్ర రవాణా మంత్రి అయ్యారు.

గెలుపు ఓటముల నడుమ

1967లో లోక్‌సభ స్పీకరు కాగానే పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. 1969లో కాంగ్రెసు ఆయనను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిపింది. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. రెండో ప్రాధాన్యం ఓట్లు కూడా లెక్కించాక శ్రీ వి.వి. గిరికి 4,20,077, ఆయనకు 4,05,427 విలువ ఓట్లు వచ్చాయి. కాంగ్రెసు రెండుగా చీలింది. 1971లో అనంతపురం లోక్‌సభ స్థానంలోనూ ఓడి, ఇల్లూరు వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు.

1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెసు 41 గెలుచుకుంది. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా అభ్యర్థి శ్రీ సంజీవరెడ్డి. డోన్, నంద్యాల 2022 నుంచి వేరే జిల్లాలో ఉన్నా, ఆనాడు కర్నూలు జిల్లాలోనివే. జూలైలో ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు.

అక్కడా వివాదం వదలలేదు. 1979 ఆగస్టులో ప్రధాని శ్రీ చరణ్‌సింగ్ పార్లమెంటును ఎదుర్కోకుండానే రాజీనామా చేశారు. జనతా నాయకుడు శ్రీ జగ్‌జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండా రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేయడం పెద్ద విమర్శలకు దారితీసింది.

1982లో పదవీకాలం ముగించుకొని అనంతపురం చేరిన శ్రీ సంజీవరెడ్డి 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు. పడమటి కర్నూలు బస్సు యజమానులు కోర్టుకెక్కకపోతే ఆయన ఇంకెంతకాలం ముఖ్యమంత్రిగా ఉండేవారో ఎవరూ చెప్పలేరు. అయితే ఎంత పెద్ద పదవిలో ఉన్నవారైనా, ఎందుకు చేశావని అడిగితే జవాబు చెప్పుకోవలసిందేనని ఆ కేసు రుజువు చేసింది.