బి.ఎస్‌సి.లో ఏ విషయాలను కలిపి చదవాలి?

మన కుటుంబాలలో చాలావరకు ఇంజనీరింగు, వైద్యవిద్యలలో సీటు దొరకని తరువాతనే బి.ఎస్‌సి. గుర్తుకు వస్తుంది. మిగిలిన దారిగా దానిని స్వీకరించడంవల్ల, ఏయే శాస్త్రాలను కలిపి చదవాలన్న ముఖ్యమైన ప్రశ్న వెనుకబడుతున్నది.

కర్ణాటకలో బి.ఎస్‌సి. చిరకాలంగా మూడు విషయాల చదువు. 2021లో జాతీయ విద్యావిధానం మేరకు నాలుగేళ్ళ ఆనర్సు పద్ధతి వచ్చింది. 2024-25 నుండి రాష్ట్ర ప్రభుత్వం తిరిగి మూడేళ్ళ డిగ్రీకి మరలింది. ఆంధ్రప్రదేశ్‌లోనో 2023-24లో ఒకే ప్రధాన విషయం గల పద్ధతిని ప్రవేశపెట్టారు. కనుక అక్కడి బంధువులు చెప్పే సలహా ఇక్కడ యథాతథంగా చెల్లదు.

శాస్త్రాల మధ్య గోడలు ఎంత పలుచనివో కోలారు బంగారు గనులే చెబుతాయి. 1965లో ఇక్కడి గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పైనున్న రాతిపొర ఇతర కణాలను చాలావరకు అడ్డగించడంవల్లనే అది సాధ్యమైంది. భౌతిక శాస్త్ర ప్రయోగమే అయినా, గనిపని తెలిసినవారి తోడు లేనిదే అంత లోతున జరిగేది కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సైనైడు దిబ్బలు మిగిలాయి. గాలికి లేచే ఆ దుమ్ములో ఏమున్నదో రసాయన శాస్త్రం చెబుతుంది. వాననీరు దిబ్బనుండి ఎటు ఇంకుతుందో భూగర్భ శాస్త్రం, ఆ మట్టిలో ఏ మొక్క నిలుస్తుందో వృక్ష శాస్త్రం చెప్పాలి. వీటిలో రెండైనా ఎరిగిన పట్టభద్రుడు ఈ ఊరికి ఎంతో అవసరం.

అయితే కోరినదంతా కలుపుకొనడం మంచిది కాదు. రెండు విషయాలు ఒకదానికొకటి ఆసరాగా ఉండాలి. మూడవది కొత్త దారి చూపవచ్చు. గణితాన్ని భయంతో వదలినవారికి భౌతిక, గణాంక శాస్త్రాలలో ఎం.ఎస్‌సి. ద్వారం దాదాపు మూసుకున్నట్లే. ఉపాధ్యాయ ఉద్యోగాలకు సైతం డిగ్రీలో చదివిన విషయాలనే చూస్తారు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2011లో నాలుగేళ్ళ డిగ్రీని ప్రారంభించింది. అందులో విద్యార్థులందరూ మొదట భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రాలతోపాటు ఇంజనీరింగు, మానవీయ శాస్త్రాలను కూడా చదివి, ఆ తరువాతనే ప్రధాన విషయాన్ని ఎంచుకొంటారు. ప్రవేశం జాతీయ స్థాయి పరీక్షల ద్వారా. సీట్లు బహు స్వల్పం.

కోలారు జిల్లా కళాశాలలు బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం పరిధిలోనివి. విశ్వవిద్యాలయం అనుమతించే విషయాలన్నీ ప్రతి కళాశాలలోను ఉండవు. ఆ విషయానికి అధ్యాపకుడు ఉన్నారా, ప్రయోగశాల పనిచేయుచున్నదా, తెలుగును భాషగా తీసుకొనవచ్చునా అని రుసుము చెల్లించక మునుపే విచారించాలి. రోజూ రైలులో బెంగళూరు వెళ్ళి చదువదలచినవారు ప్రయోగశాల వేళలనూ అడిగి తెలుసుకొనాలి. సాయంకాలపు ప్రయోగాలు ముగిసేసరికి బండి వెళ్ళిపోతే ప్రతి వారమూ కష్టమే. ఇంటర్మీడియట్ వేరే రాష్ట్రంలో ముగించినవారు ఆ బోర్డు ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్టును, ఇక్కడి విశ్వవిద్యాలయం ఇచ్చే అర్హత పత్రాన్ని గురించి ముందుగానే కళాశాల కార్యాలయంలో అడగడం మేలు.