జెట్ బోట్‌లో ఫ్యూయల్ గేజ్ తప్పు చూపిస్తోందా? బజర్ మోగట్లేదా? ఇలా చెక్ చేయండి!

20 శాతం ఛార్జ్ చూపిస్తూనే ఫోన్ సడన్‌గా స్విచాఫ్ అవ్వడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఫోన్‌లో ఆ శాతాన్ని లెక్కగట్టే చిప్‌ని ఏమంటారో తెలుసా? ఫ్యూయల్ గేజ్! నాకేమో నిజమైన ఫ్యూయల్ గేజే హ్యాండ్ ఇచ్చింది. అదీ నది మధ్యలో.

నేనుండేది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో. జెట్ బోట్‌కి పుట్టిల్లు ఈ దేశమే. 1950ల్లో బిల్ హామిల్టన్ ఇక్కడి లోతు తక్కువ నదుల కోసం దీన్ని డెవలప్ చేశారు. దీనికి బయట ప్రొపెల్లర్ ఉండదు. లోపలి పంపు నీళ్లని పీల్చి వెనక్కి చిమ్ముతుంది. బోటు తిరగాలన్నా ఆ నీటి ధారే దిక్కు. అంటే ఇంజిన్ ఆగితే స్పీడే కాదు, స్టీరింగ్ కూడా పోయినట్టే.

మాకు జరిగింది అదే. మా ఫ్రెండ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత వీ8 బోట్‌లో వైమకరిరి నదిలో పైకి వెళ్తున్నాం. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. "ఒరేయ్, ఇంకా హాఫ్ ట్యాంక్ ఉంది కదరా!" అన్నాడు వాడు. చూస్తే ట్యాంక్‌లో చుక్క లేదు. ప్రవాహం ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, లక్కీగా ఒక గులకరాళ్ల దిబ్బకి తగిలి ఆగాం.

ముందు గేజ్ సంగతి

చాలామంది చేసే తప్పు ఏంటంటే, వెంటనే కొత్త గేజ్ ఆర్డర్ పెట్టేయడం. ఆగండి. ఇక్కడ మూడు పార్టులు ఉంటాయి: డ్యాష్‌బోర్డ్ మీద గేజ్, ట్యాంక్‌లో తేలే ఫ్లోట్ ఉన్న సెండర్, ఈ రెండిటినీ కలిపే వైరు. ఫ్లోట్ పైకీ కిందికీ కదిలితే సెండర్ రెసిస్టెన్స్ మారుతుంది. అమెరికన్ స్టాండర్డ్‌లో ఖాళీ ట్యాంక్‌కి 240 ఓమ్స్, ఫుల్ ట్యాంక్‌కి 33 ఓమ్స్. యూరోపియన్ స్టాండర్డ్‌లో ఇది రివర్స్: ఖాళీకి 10, ఫుల్‌కి 180. అందుకే గేజ్, సెండర్ ఒకే స్టాండర్డ్‌వి అయి ఉండాలి.

మా బోట్‌లో ఉన్నది అమెరికన్ టైప్. మేము చెక్ చేసిన పద్ధతి ఇదీ:

1. ఇగ్నిషన్ ఆన్ చేసి, గేజ్ వెనకాల సెండర్ వైరు (మామూలుగా పింక్ కలర్) పీకేశాం. ముల్లు ఎంప్టీకి పడింది.

2. సెండర్ టెర్మినల్‌ని ఒక్క క్షణం గ్రౌండ్‌కి తాకించాం. ముల్లు ఫుల్‌కి లేచింది. అంటే గేజ్ బాగానే ఉంది. ఈ టెస్ట్ డ్యాష్ దగ్గరే చేయండి. ట్యాంక్ దగ్గర నిప్పురవ్వ వస్తే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది.

3. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, సెండర్ వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టాం. ఖాళీ ట్యాంక్‌కి 240 దగ్గర రావాలి. మాకు వచ్చింది 105! అది సరిగ్గా హాఫ్ ట్యాంక్ రీడింగ్. అంటే ఫ్లోట్ మధ్యలోనే ఇరుక్కుపోయింది.

బ్యాటరీ డిస్‌కనెక్ట్ చేసి, గాలి బాగా ఆడే చోట సెండర్ బయటికి తీశాం. అనుకున్నట్టే ఫ్లోట్ చెయ్యి జిగురు పట్టి బిగుసుకుపోయింది. ట్యాంక్ లోతుకి సరిపోయే కొత్త సెండర్, కొత్త గ్యాస్కెట్ వేశాం. గేజ్ మార్చి ఉంటే డబ్బులూ దండగ, ప్రాబ్లమూ అలాగే ఉండేది.

మీ అమెరికన్ టైప్ గేజ్ ఎప్పుడూ ఎంప్టీ చూపిస్తుంటే వైరు తెగిందేమో, గ్రౌండ్ కనెక్షన్ తుప్పు పట్టిందేమో చూడండి. ఎప్పుడూ ఫుల్ చూపిస్తే సెండర్ వైరు ఎక్కడో ఒరుసుకుని గ్రౌండ్‌కి తగులుతున్నట్టు.

అసలు భయపెట్టింది బజర్

ఇలాంటి పాత ఇంజిన్లలో ఇగ్నిషన్ ఆన్ చేయగానే బజర్ మోగాలి. ఇంజిన్ తిరిగితే గానీ ఆయిల్ ప్రెజర్ రాదు కదా! స్టార్ట్ అయి ప్రెజర్ రాగానే అదే ఆగిపోతుంది. మా బోట్‌లో మాత్రం చప్పుడే లేదు. డ్యాష్ కింద చూస్తే బజర్ వైరు పీకేసి టేప్ చుట్టేశారు. పాత ఓనర్‌కి ఆ మోత చిరాకేసి ఉంటుంది.

వైరు కలిపి స్టార్ట్ చేస్తే బజర్ ఆగకుండా మోగింది. వెంటనే ఇంజిన్ ఆపేసి ఆయిల్ లెవల్ చూశాం, ఓకే. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి ఆయిల్ ప్రెజర్ స్విచ్ వైరు తీశాం. మోత ఆగలేదు. టెంపరేచర్ స్విచ్ వైరూ తీశాం. అయినా ఆగలేదు. రెండు స్విచ్‌లూ తీసేసినా మోగుతోందంటే తప్పు వైరుదే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడికి ఆ వైరు పైతొడుగు కరిగి, లోపలి రాగి ఇంజిన్‌కి తగులుతోంది. ఆ ముక్క మార్చి, వైరుని వేడికి దూరంగా లాగాం. అంతే, సెట్!

బోటు నడుస్తుండగా బజర్ మోగితే మాత్రం వైరే అనుకుని వదిలేయకండి. చాలా జెట్ బోట్లలో ఇంజిన్ కూలింగ్ నీళ్లు జెట్ పంపు నుంచే వస్తాయి. ఇన్‌టేక్ జాలీకి నాచు పట్టినా, స్ట్రెయినర్‌లో ఇసుక నిండినా ఇంజిన్ నిజంగానే వేడెక్కుతుంది. ఒడ్డుకి చేర్చి, ఇంజిన్ ఆపి, ముందు అవి చూడండి. కొత్త కంప్యూటర్ కంట్రోల్ ఇంజిన్లలో ఒక్కో బీప్ ప్యాటర్న్‌కి ఒక్కో అర్థం ఉంటుంది కాబట్టి మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు గేజ్ కరెక్ట్‌గానే చూపిస్తోంది. అయినా మేము మూడో వంతు రూల్ పాటిస్తున్నాం: ఫ్యూయల్‌లో ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, ఒక వంతు రిజర్వ్. ఫోన్ ఆఫ్ అయితే పవర్ బ్యాంక్ పెట్టుకుంటాం. నది మధ్యలో ఆ ఛాన్స్ ఉండదు. అందుకే బజర్ విసిగిస్తే వైరు పీకకండి ఫ్రెండ్స్, అది ఎందుకు మోగుతోందో కనుక్కోండి.